కాగితం లేని కోర్టులో ఆమె ఎక్కడ?

కొద్ది నెలల క్రితం గుంటూరు జిల్లా నుంచి ఒక అమ్మాయి, ఆమె తండ్రి మా ఆఫీసుకి వచ్చారు. ఆమె చేతిలో ఫైలు లేదు, కాగితాల సంచీ లేదు. సెల్‌ఫోన్ ఒక్కటే ఉంది. పెళ్ళయి టెక్సాస్ వెళ్ళి ఏడాది తిరగకుండానే "కొన్నాళ్ళు మీ వాళ్ళ దగ్గర ఉండు" అని భర్త పంపించేస్తే పుట్టింట్లో ఉండిపోయిన అమ్మాయి. ముందు రోజు రాత్రి అతను వాట్సాప్‌లో రెండు కాగితాలు పంపాడు. ఒకటి అక్కడి కోర్టులో తాను వేసిన విడాకుల పిటిషన్. రెండోది ఈమె సంతకం పెట్టి, నోటరీ చేయించి, తిరిగి పంపాల్సిన ఒక పేజీ. "ఇది మామూలు ఫార్మాలిటీ. సంతకం పెడితే అందరికీ సుఖం" అని కింద ఒక వాక్యం రాశాడు.

పిటిషన్ మొదటి పేజీ పైన చిన్న అక్షరాల్లో కోర్టు ముద్ర ఉంది. అందులో తేదీ పక్కన సమయం కూడా ఉంది: రాత్రి 11 గంటల 40 నిమిషాలు. ఆ తండ్రి రిటైరైన బడిపంతులు. కళ్ళజోడు సర్దుకుని ఆ అంకెల్ని రెండుసార్లు చదివి, "ఏమ్మా, అర్ధరాత్రి తెరిచి ఉండే కోర్టు ఎక్కడుంటుంది? ఇది దొంగ కాగితం కాదు గదా?" అని అడిగారు.

దొంగ కాగితం కాదు. ఆ కోర్టు నిజంగానే అర్ధరాత్రి దాకా తెరిచి ఉంటుంది, కానీ అందరికీ కాదు. ఈ సంపాదకీయం రాయడానికి కారణం ఆయన ప్రశ్నే. అమెరికాలో కోర్టు కాగితాలు కంప్యూటర్ ద్వారా దాఖలు చేసే పద్ధతి, అంటే ఇ-ఫైలింగ్, అక్కడి లాయర్లకి సంబంధించిన సాంకేతిక విషయమని నేను చాలాకాలం అనుకున్నాను. మనకి వరకట్నం, గృహహింస, ఆస్తిహక్కు ఉన్నాయి, ఈ మిషన్ల గొడవ మనకెందుకు అనుకున్నాను. ఆ రోజు ఆ ఫోన్ తెర చూశాక నా ఆలోచన తప్పని తెలిసింది. ఎవరు ఎప్పుడు, ఏ దారిలో, ఏ భాషలో కోర్టుకి వెళ్ళగలరో నిర్ణయించేది ఏదైనా స్త్రీల సమస్యే అవుతుంది.

ముందు ఈ పద్ధతి ఎట్లా వచ్చిందో చూద్దాం. అమెరికాలో రెండు రకాల కోర్టులున్నాయి. ఫెడరల్ కోర్టులు దేశమంతటికీ వర్తించే చట్టాల కేసులు, దివాలా కేసులు, ప్రభుత్వ సంస్థల మీద వేసే కేసుల వంటివి చూస్తాయి. పెళ్ళి, విడాకులు, పిల్లల సంరక్షణ, గృహహింస నుంచి రక్షణ ఉత్తర్వులు దాదాపు పూర్తిగా రాష్ట్రాల కోర్టుల్లోనే నడుస్తాయి. ఆడవాళ్ళ బతుకుని నేరుగా తాకే కేసుల్లో ఎక్కువ భాగం ఈ రాష్ట్రాల కోర్టుల్లోనే ఉన్నాయన్న మాట.

ఫెడరల్ కోర్టుల్లో ఇ-ఫైలింగ్ 1996 ప్రాంతంలో ఒహాయో ఉత్తర జిల్లా కోర్టులో మొదలైంది. ఆస్బెస్టాస్ వల్ల జబ్బుపడ్డ ఓడ కార్మికుల కేసులు వేల సంఖ్యలో వచ్చిపడి, కాగితాలు పెట్టడానికి చోటు లేక, ఎక్కించే మనుషులు చాలక, ఈ దారి వెతికారు. 2001లో దివాలా కోర్టులకి, 2002లో జిల్లా కోర్టులకి, ఆ తర్వాత అప్పీలు కోర్టులకి అది విస్తరించింది. రాష్ట్రాలది ఎవరి దారి వారిదే. న్యూయార్క్ 1999లో చట్టం చేసి ప్రయోగంగా మొదలుపెట్టింది. టెక్సాస్ సివిల్ కేసుల్లో లాయర్లకి 2014 జనవరి నుంచి పెద్ద కౌంటీలతో మొదలుపెట్టి తప్పనిసరి చేసింది. ఇల్లినాయ్ 2018 జనవరి నుంచి ట్రయల్ కోర్టుల సివిల్ కేసుల్లో తప్పనిసరి చేసింది. ఒక రాష్ట్రంలో నేర్చుకున్న పద్ధతి పక్క రాష్ట్రంలో పనికిరాదు.

పని చేసే తీరు ఇది. లాయరు తన ఆఫీసులోనో ఇంట్లోనో కూర్చుని కాగితాన్ని పీడీఎఫ్‌గా మార్చి, తన పేరుతో ఉన్న ఖాతాలోకి వెళ్ళి, కేసు నెంబరు చూపి, ఫీజు కార్డు మీద కట్టి పంపిస్తాడు. చేతి సంతకానికి బదులు పేరు టైపు చేస్తే చాలు. గడువు కోర్టు తలుపు మూసే వేళతో కాదు, ఆ కోర్టు ఉన్న ఊరి గడియారంలో అర్ధరాత్రితో ముగుస్తుంది. కేసులో రెండో పక్షం లాయరు కూడా అదే వ్యవస్థలో నమోదై ఉంటే, కాగితం దాఖలైన క్షణంలోనే అతనికి కబురు వెళ్తుంది. చట్టం దృష్టిలో అది అందజేసినట్టే. పోస్టు, ప్రాసెస్ సర్వర్ అక్కర్లేదు. అయితే కేసు మొదట్లో ప్రతివాదికి ఇవ్వాల్సిన సమన్లకి మాత్రం ఇది చాలదు. వాటిని చట్టం చెప్పిన పద్ధతిలో విడిగా అందించాలి. ఈ తేడా గుర్తుంచుకోండి, మన అమ్మాయి కథలో ఇదే కీలకం.

ఇందులో మంచి లేదని నేననను. కోర్టు ఆవరణలో రోజంతా చెట్టు కింద కూర్చున్న ఆడవాళ్ళని మనం ఎరుగుదుం. చంటిపిల్లని ఎత్తుకుని, కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ అప్పు చేసి వస్తే, అదే వరండాలో భర్త, అతని అన్నదమ్ములు నిలబడి ఉరిమి చూస్తుంటారు. ఆ చూపులు దాటి లోపలికి వెళ్ళలేక తిరిగిపోయిన వాళ్ళున్నారు. కొట్టే మొగుడి కంట పడకుండా, పిల్లలు నిద్రపోయాక, రక్షణ కోరుతూ దరఖాస్తు పంపే వీలుంటే అది చిన్న విషయం కాదు. న్యూయార్క్ 2016లో చేసిన చట్టం బాధితురాలు కోర్టు దాకా రాకుండానే తాత్కాలిక రక్షణ ఉత్తర్వు అడిగే ప్రయోగానికి వీలు కల్పించింది. కాలిఫోర్నియా 2021లో చట్టం చేసి, 2023 జులై నుంచి గృహహింస రక్షణ ఉత్తర్వుల దరఖాస్తులు ఇ-ఫైలింగ్‌లో తీసుకుని తీరాలని తన కోర్టులన్నిటికీ చెప్పింది. ఆ దరఖాస్తులకి ఫీజు లేదు.

కాబట్టి నాకు మిషన్ మీద కోపం లేదు. ఆ మిషన్ ఎవరిని మనసులో పెట్టుకుని తయారైందన్నదే నా ప్రశ్న. సొంత కంప్యూటర్, సొంత ఈమెయిలు, సొంత కార్డు, ఇంగ్లీషు, తలుపేసుకుని కూర్చోగల ఒక గది, ఇవన్నీ ఉన్న మనిషికి అది సులువు. ఒక్కసారి ఈ జాబితాని మన ఇళ్ళలో ఆడవాళ్ళకి వర్తింపజేసి చూడండి. అమెరికాలో ఉన్న తెలుగిళ్ళలో కూడా చూడండి. హెచ్-4 వీసా మీద వెళ్ళిన భార్య అక్కడ ఉండే హక్కే భర్త ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. వాళ్ళలో కొందరికి పనిచేసే అనుమతి దొరికింది 2015 తర్వాతే. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా ఉంటుంది, ఈమెయిలు పాస్‌వర్డు అతనికి తెలుసు, ఫోన్ బిల్లు అతని పేరు మీద వస్తుంది. అట్లాంటి స్త్రీ "ఇంట్లో నుంచే" కోర్టుకి దరఖాస్తు పంపొచ్చని చెబితే, ఆ ఇల్లు ఎవరిదని అడగాలి. కోర్టు నుంచి వచ్చే జవాబు ఆమె కంటే ముందు అతను చదివితే ఏమవుతుందని అడగాలి.

ఈ ప్రశ్నలు అక్కడి నిబంధనలు రాసిన వాళ్ళకి తట్టకపోలేదు. ఫెడరల్ సివిల్ నిబంధనల్లో 2018 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చిన మార్పు ప్రకారం లాయరున్న వాళ్ళు ఇ-ఫైలింగ్ చేసి తీరాలి. లాయరు లేని మనిషిని బలవంతపెట్టాలంటే కోర్టు ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాలి, లేదా సహేతుకమైన మినహాయింపులున్న స్థానిక నిబంధన ఉండాలి. టెక్సాస్‌లో లాయరు లేని వాళ్ళు కాగితం మీదే దాఖలు చేసుకోవచ్చు. ఇల్లినాయ్ నిబంధన ఇంకా స్పష్టంగా ఉంది. లాయరు లేకుండా కేసు నడుపుకునే మనిషికి ఇంట్లో కంప్యూటర్, ఇంటర్నెట్ లేక ప్రయాణం కష్టమైతే, వైకల్యం ఉంటే, ఇంగ్లీషు చదవడం రాయడం మాట్లాడటం కష్టమైతే మినహాయింపు ఇవ్వాలి. రక్షణ ఉత్తర్వు కోసం వేసే పిటిషన్ లాంటి సున్నితమైన కాగితమైనా మినహాయింపుకి తగిన కారణమే. ఈ నిబంధనని మన కార్యకర్తలు తెలుగులోకి రాసుకుని గోడకి అంటించుకోవాలి. ఎందుకంటే కొత్త పద్ధతి ఎంత మంచిదైనా పాత తలుపు మూసెయ్యకూడదన్న సూత్రం అందులో ఉంది.

రెండో సంగతి గోప్యత. పాత కోర్టు రికార్డు కూడా బహిరంగమే. ఎవరైనా వెళ్ళి, దరఖాస్తు పెట్టి చూడొచ్చు. కానీ ఆ "వెళ్ళడం" లోనే ఒక అడ్డుగోడ ఉండేది. బీరువా అడుగున దుమ్ము పట్టిన కట్టలో ఉన్న ఆమె చిరునామా కోసం ఎవరూ పనిగట్టుకుని వెళ్ళరు. 1989లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ సంగతిని గుర్తించింది. చెల్లాచెదురుగా కాగితాల్లో ఉన్న సమాచారం వేరు, ఒకచోట కంప్యూటర్‌లో పోగేసిన సమాచారం వేరు అంది. మన మాటల్లో చెప్పాలంటే, ఆ దుమ్మే ఆమెకి కొంత రక్షణ. ఇ-ఫైలింగ్ ఆ దుమ్ము దులిపేసింది. పేరు కొడితే చాలు.

పారిపోయి వచ్చి దాక్కున్న స్త్రీకి ఇది ప్రాణాల మీది విషయం. అందుకే 2005 నాటి స్త్రీల మీద హింస నిరోధక చట్టం పునరుద్ధరణలో అమెరికా కాంగ్రెస్ ఒక నిషేధం చేర్చింది. బాధితురాలి గుర్తింపు, ఆమె ఉన్న చోటు బయటపడే అవకాశం ఉంటే, రక్షణ ఉత్తర్వుకి సంబంధించిన సమాచారం ఏ రాష్ట్రమూ ఇంటర్నెట్‌లో అందరికీ కనబడేట్టు పెట్టకూడదు. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం కుటుంబ కేసుల ఎలక్ట్రానిక్ రికార్డుని జనం కోర్టుకి వెళ్ళి చూడాలి, ఇంట్లో కూర్చుని చూడటానికి లేదు. ఫెడరల్ కోర్టుల్లో 2007 డిసెంబరు నుంచి ఉన్న నిబంధన ప్రకారం సోషల్ సెక్యూరిటీ నెంబరులో చివరి నాలుగు అంకెలే రాయాలి, పుట్టిన తేదీలో సంవత్సరమే రాయాలి, మైనరు పిల్లల పేర్లకి పొడి అక్షరాలే రాయాలి. వలస వ్యవహారాల కేసుల్లో పూర్తి రికార్డుని దూరం నుంచి చూసే వీలు కక్షిదారులకీ వాళ్ళ లాయర్లకీ మాత్రమే ఉంది.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆ నిబంధననే కిందిదాకా చదవండి. ఆ అంకెలు చెరిపేసే బాధ్యత కోర్టు క్లర్కుది కాదు, దాఖలు చేసే మనిషిది. తన వివరాలు తానే చెరపకుండా దాఖలు చేస్తే ఆ మేరకి రక్షణ వదులుకున్నట్టే. మంచి లాయరున్న భర్త తన బ్యాంకు నెంబరు దాచుకుంటాడు. లాయరు లేక, భయంతో, గబగబా ఫారం నింపిన స్త్రీ తన వివరాలన్నీ తెర మీద పెట్టేస్తుంది. రాసేవాళ్ళు సమానమని అనుకుని రాసిన నిబంధన సమానం కానివాళ్ళ మధ్య ఎట్లా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ సోషియాలజీ పాఠాల్లో నాకు దొరకలేదు.

వ్యవస్థ తన రహస్యాలు తానే కాపాడుకోలేకపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2021 జనవరిలో ఫెడరల్ న్యాయవ్యవస్థ తన ఇ-ఫైలింగ్ వ్యవస్థలోకి చొరబాటు జరిగినట్టు కనిపిస్తోందని ప్రకటించింది. అత్యంత సున్నితమైన కాగితాలు ఇకనుంచి కాగితం మీదో, దేనికీ కలపని కంప్యూటర్‌లోనో తీసుకుంటామంది. 2025 ఆగస్టులో మళ్ళీ అదే వ్యవస్థ మీద దాడులు ముదిరాయని, రక్షణ పెంచుతున్నామని ప్రకటించాల్సి వచ్చింది. ప్రపంచంలోకెల్లా డబ్బున్న దేశంలో కోర్టే "ఈ కాగితం మాత్రం చేతికివ్వండి" అని అడిగిందంటే, కాగితం కావాలన్న మనల్ని వెనకబడిన వాళ్ళని ఎవరూ అనలేరు.

ఇక డబ్బు సంగతి. ఫెడరల్ కోర్టుల రికార్డు ఇంటర్నెట్‌లో చూడాలంటే పేజీకి పది సెంట్లు, ఒక డాక్యుమెంటుకి ఎక్కువలో ఎక్కువ మూడు డాలర్లు. మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే వసూలు చెయ్యరు. ఈ వసూళ్ళని కొన్ని సంబంధం లేని ఖర్చులకి వాడారంటూ స్వచ్ఛంద సంస్థలు 2016లో కేసు వేశాయి. అందులో కొంత వాడకం చట్టవిరుద్ధమని అప్పీలు కోర్టు 2020లో తేల్చింది. ఎక్కువగా వసూలు చేసిన దానికి 125 మిలియన్ డాలర్లు తిరిగి ఇచ్చే ఒప్పందాన్ని 2024లో కోర్టు ఆమోదించింది. న్యాయం బహిరంగంగా ఉండాలన్న సూత్రానికి కూడా టిక్కెట్టు పెడితే జనం ప్రశ్నించొచ్చని, ప్రశ్నిస్తే ఫలితం ఉంటుందని ఈ కేసు చెబుతోంది.

మళ్ళీ మా ఆఫీసులో కూర్చున్న అమ్మాయి దగ్గరికి వద్దాం.

ఆమె కథ కొత్తది కాదు. 1975లో తిరుపతిలో జరిగిన ఒక పెళ్ళి విషయంలో మన సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. లూసియానాలో నివాసం ఉన్న భర్త, మిస్సోరీ రాష్ట్రంలోని ఒక కోర్టుకి వెళ్ళి, తాను అక్కడే ఉంటున్నట్టు చూపించి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. ఇక్కడున్న భార్య నిరసన తెలుపుతూ జవాబు పంపినా ఫలితం లేకపోయింది. అతను మరుసటి ఏడు యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆమె రెండో పెళ్ళి నేరమని కేసు పెడితే, అతను చూపించింది ఆ అమెరికా డిక్రీ ఫోటోస్టాట్ కాపీ. సుప్రీంకోర్టు ఆ ఫోటోస్టాట్ సాక్ష్యంగా చెల్లదంది. అంతకంటే ముఖ్యంగా, ఏ చట్టం కింద పెళ్ళి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద, ఆ చట్టం ఒప్పుకునే కోర్టు ఇచ్చిన డిక్రీనే ఇక్కడ గుర్తిస్తామని చెప్పింది. దీనికి మూడు మినహాయింపులు పెట్టింది. భార్య మామూలుగా నివసించే చోటే కేసు వేసి, మన చట్టంలో ఉన్న కారణం మీద తీర్పు రావడం ఒకటి. భార్య తనంతట తాను ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకుని, మన చట్టంలో ఉన్న కారణం మీద వేసిన ఆ కేసులో నిజంగా వాదించడం రెండోది. విడాకులకి ఆమె సమ్మతించడం మూడోది.

ఇప్పుడు భర్త పంపిన రెండో కాగితాన్ని ఈ తీర్పు వెలుగులో చదవండి. దాన్ని అక్కడ "వేవర్ ఆఫ్ సర్వీస్" అంటారు. నాకు సమన్లు అందజెయ్యక్కర్లేదు, ఆ హక్కు నేనే వదులుకుంటున్నాను అని దాని సారాంశం. చాలాసార్లు దాంట్లోనే, ఇకమీదట నాకు చెప్పకుండా కేసు నడిపినా అభ్యంతరం లేదన్న వాక్యం కూడా ఉంటుంది. భర్త "మామూలు ఫార్మాలిటీ" అన్నది దీన్నే. 1991 తీర్పు ఇచ్చిన రక్షణని ఆమె చేతే తీసెయ్యించడానికి, ఆమె సమ్మతించిందని రేపు చూపించడానికి పనికొచ్చే కాగితం అది.

వాట్సాప్‌లో పిటిషన్ పంపితే సమన్లు అందినట్టు కాదు. విదేశాల్లో కోర్టు కాగితాలు అందజేసే హేగ్ ఒప్పందంలో మన దేశం 2007 ఆగస్టు నుంచి ఉంది. దాని ప్రకారం అవి మన న్యాయ మంత్రిత్వ శాఖ ద్వారా రావాలి. నేరుగా పోస్టులో పంపడానికి మన దేశం అభ్యంతరం చెప్పి ఉంది. కానీ గట్టు మీద నిలబడి ధైర్యంగా ఉండే కాలం కాదిది. టెక్సాస్ లోపల సమన్లు మామూలు పద్ధతిలో అందజెయ్యలేకపోతే జడ్జి అనుమతితో ఈమెయిలు, సోషల్ మీడియా ద్వారా అందజేసే వీలు 2020 చివరి నుంచి వచ్చింది. మన అమ్మాయి ఉన్నది గుంటూరు జిల్లాలో అని కోర్టుకి చెప్పకుండా టెక్సాస్ చిరునామా రాస్తే? ఆ పిటిషన్‌లో అతను రాసింది సరిగ్గా అదే, ఇద్దరూ కలిసి ఉన్న పాత అపార్టుమెంటు చిరునామా.

టెక్సాస్‌లో సమన్లు అందిన తర్వాత 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటలకల్లా జవాబు వెయ్యాలి. అప్పుడు మన దగ్గర రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో అవుతుంది. వెయ్యకపోతే ఆమె లేకుండానే తీర్పు ఇవ్వొచ్చు. "మరి కంప్యూటర్‌లో మనమే జవాబు వెయ్యొచ్చు గదా అక్కా?" అని ఆ అమ్మాయి అడిగింది. ఆమె బీటెక్ చదివింది. ఇంటర్నెట్‌లో దొరికే ఖాళీ జవాబు ఫారం తీసి, నింపి, పంపడం ఆమెకి అరగంట పని. ఇక్కడే ఇంకో గుంట ఉంది. ఆ కోర్టుకి నా మీద అధికారం లేదని చెప్పదలుచుకుంటే, ఆ మాట ప్రమాణంతో, మిగతా ఏ జవాబు కంటే ముందుగా, ప్రత్యేకమైన కాగితం మీద చెప్పాలని టెక్సాస్ నిబంధన. మామూలు ఫారం ముందు పడితే, ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకున్నట్టే. ఒకసారి నొక్కిన మీట వెనక్కి రాదు. మిషన్ "మీ కాగితం స్వీకరించాం" అంటుందే గాని, "అమ్మా, దీనివల్ల నీకు నష్టం, ముందు ఎవరినైనా అడుగు" అనదు. పాత కోర్టులో ఒక మంచి గుమాస్తా కనీసం ఆ మాటైనా అనేవాడు.

మేము చేసింది చెబుతాను. ఆమె సంతకం పెట్టలేదు. పిటిషన్‌లో ఉన్న కేసు నెంబరు, కోర్టు పేరు రాసుకున్నాం. భర్త పంపిన సందేశాలు, తేదీలతో సహా దాచిపెట్టాం. ఆమె వీసా కాగితాలు, తిరుగు ప్రయాణం టిక్కెట్టు, ఆమె ఇక్కడే ఉంటోందని చూపే ఆధారాలు ఒకచోట చేర్చాం. అమెరికాలో దక్షిణాసియా స్త్రీల కోసం పనిచేసే సంస్థలున్నాయి. న్యూజెర్సీలో మానవి 1985 నుంచి, న్యూయార్క్‌లో సఖి 1989 నుంచి పనిచేస్తున్నాయి, ఇతర రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అట్లాంటి ఒక సంస్థ ద్వారా టెక్సాస్‌లో ఒక లాయరు దొరికింది. ఆమె రావాల్సిన కాగితం ముందు వచ్చేట్టుగా, గడువులోపల, ఇ-ఫైలింగ్ ద్వారానే దాఖలు చేసింది. ఏ మిషన్ ఈమెని ముంచబోయిందో అదే మిషన్ తెలిసిన మనిషి చేతిలో ఈమెకి పనికొచ్చింది. అయినా కేసు తేలలేదు. ఆమె మీద అధికారం లేకపోయినా విడాకుల వరకూ ఇచ్చి, భరణం, ఆస్తి జోలికి పోకుండా ఉండే వీలు ఆ కోర్టుకి ఉంది. ఇక్కడ ఆమె వేసుకున్న కేసు కూడా నడుస్తోంది. గెలిచామని రాయడానికి నాకు మనసొప్పడం లేదు. ఆమె తన ప్రమేయం లేకుండా ఓడిపోలేదు, అంతవరకే చెప్పగలను.

ఇక మన కోర్టుల సంగతి. మన దేశంలో ఇ-కోర్టుల పథకం 2007లో మొదలైంది. మూడో దశకి 2023 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కాగితం లేని కోర్టు దాని ఆశయాల్లో ఒకటి. లాయరు లేని వాళ్ళకి సాయం చెయ్యడానికి ఇ-సేవా కేంద్రాలు పెడుతున్నారు, మంచిదే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు ఇవి: ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో వందకి 21 మంది, తెలంగాణలో 26 లేక 27 మంది. మగవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో 49 మంది, తెలంగాణలో 57 మంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగి ఉంటాయి. కానీ ఒకే ఇంట్లో మొగుడికీ పెళ్ళానికీ మధ్య ఉన్న ఈ దూరం ఫోన్లు పెరిగినంత తేలిగ్గా తరగదు. భార్యాభర్తల కేసులో ఇద్దరూ వెళ్ళేది ఒకే కోర్టుకి. ఆ కోర్టు తలుపు అతనికి దగ్గరగా, ఆమెకి దూరంగా ఉంటే, అది సాంకేతిక సమస్య కాదు, పక్షపాతం.

2005 గృహహింస చట్టం ఆమెకి కొన్ని హక్కులిచ్చింది. ఫిర్యాదు ఫారం ఉచితంగా ఇప్పించడం రక్షణాధికారి విధి. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు రావాలి. విచారణ గోప్యంగా జరపమని అడగొచ్చు. ఉత్తర్వు కాపీ ఉచితంగా ఇవ్వాలి. కుటుంబ కోర్టుల చట్టం 1984లో వచ్చినప్పుడు లాయరుని పెట్టుకోవడం హక్కు కాదని రాసింది కూడా ఆమె తన మాట తాను చెప్పుకోగలగాలన్న ఆశతోనే. ఇ-ఫైలింగ్ వచ్చి, మిషన్ తెలిసిన మధ్యవర్తి లేకుండా దరఖాస్తే పడని పరిస్థితి వస్తే, ఇరవై నలభై ఏళ్ళ కిందట గెలుచుకున్న ఈ హక్కులు కాగితం మీద కూడా మిగలవు, ఎందుకంటే కాగితమే ఉండదు.

కాబట్టి మనం అడగాల్సినవి అడుగుదాం. గృహహింస, భరణం, పిల్లల సంరక్షణ కేసుల్లో చేతిరాత దరఖాస్తు తీసుకోవడం ఏ కోర్టూ మానకూడదు. ఇ-ఫైలింగ్ ఫారాలు తెలుగులో, ఉర్దూలో ఉండాలి, దాఖలు చేసేముందు దాని ఫలితమేమిటో అదే భాషలో చెప్పాలి. ఈ కేసుల్లో స్త్రీల పేర్లు, చిరునామాలు పేరు కొట్టి వెతికితే దొరక్కూడదు. చిరునామా దాచే బాధ్యత కోర్టుది కావాలి, భయపడి వచ్చిన మనిషిది కాదు. ఇ-సేవా కేంద్రంలో ఆమె చెప్పేది పక్కన నిలబడ్డ పదిమంది వినేట్టు ఉండకూడదు. ఈమెయిలు, వాట్సాప్ ద్వారా సమన్లు పంపేముందు ఆ ఫోన్ నిజంగా ఆమె చేతిలో ఉందో లేదో కోర్టు తేల్చుకోవాలి. విదేశంలో ఉన్న భర్త అక్కడ కేసు వేస్తే, ఇక్కడి జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర ఆ కాగితం చదివి చెప్పగల మనిషి ఒకరుండాలి.

మనం నేర్చుకోవాల్సినవి కూడా ఉన్నాయి. ఫోన్‌లో వచ్చిన కోర్టు కాగితం మీద అడగకుండా సంతకం పెట్టొద్దని ప్రతి సమావేశంలో చెప్పాలి. అట్లాగని దాన్ని చూడనట్టు ఊరుకోవద్దని కూడా చెప్పాలి. సొంత ఈమెయిలు, సొంత పాస్‌వర్డు ఉండటం సొంత బ్యాంకు ఖాతా ఉన్నంత అవసరమని చెప్పాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్ళి అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించిన సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ రోజు అక్షరం ఎవరికోసమని ఎవరూ అడగలేదు. ఈ కొత్త అక్షరాన్ని కూడా మనదిగా చేసుకోవాలి. నేర్చుకునే దాకా పాత తలుపు మూయకుండా అడ్డంగా నిలబడాలి.

వెళ్ళేముందు ఆ పంతులుగారు "అయితే ఆ కోర్టు రాత్రంతా మేలుకునే ఉంటుందన్న మాట" అన్నారు. అవునన్నాను. "మనమూ మేలుకోవాల్సిందే" అని కూతురి ఫోన్ తీసి ఆమె చేతికే ఇచ్చారు. అంతకుముందు దాకా అది ఆయన జేబులో ఉంది.

మీ ప్రాంతాల్లో కోర్టుల ఇ-ఫైలింగ్, ఇ-సేవా కేంద్రాలు స్త్రీలకి ఎట్లా ఉపయోగపడుతున్నాయో, ఎక్కడ అడ్డొస్తున్నాయో మాకు రాయండి. పేర్లు, ఊర్లు మార్చి రాయండి. వచ్చే సంచికల్లో చర్చ కొనసాగిద్దాం.